పాతాళపేట ఊపిరి లెక్క

“ఎవరూ మాట్లాడకండి. మామూలుగా ఊపిరి తీసుకోండి, చాలు,” అంది డాక్టర్ తాయారు, గది గాలిగొట్టానికి యంత్రం బిగిస్తూ.

గదిలో ఉన్నది నలుగురు. తెరమీద మూడు అని పడింది. తాయారు చుట్టూ చూసి నవ్వేసింది.

“సూరమ్మత్తా! ఊపిరి వదులు!”

కంగారులో ఊపిరి బిగబట్టుకున్న సూరమ్మ ఉఫ్ అంది. తెరమీద నాలుగు వెలిగింది.

అంగారక గ్రహం మీద మంచు తవ్వే గని ఊరు పాతాళపేట. వేలిముద్రల్లాగే, వదిలే ఊపిరిలోని వాయువుల పాళ్లూ ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. ఏ ఊళ్లోనైనా గాలంతా శుభ్రపడటానికి పెద్ద గొట్టంలోంచే పోవాలి. అక్కడో సెన్సర్ పెడితే ఎన్ని ఊపిరులో అన్ని తలలు.

“దీంతో ఆ పరాంకుశం పీక దొరుకుతుందంటావా?” అంది సూరమ్మ.

“దొరకడానికే చేశానత్తా.”

పరాంకుశం ఒకప్పటి జనగణన అధికారి. ఊరు ఊరంతా గనిలో దిగి ఉన్న వేళ వచ్చి, తలుపులు తట్టి, పలికినవాళ్లనే రాసుకుపోయాడు. అంగారక సభలో పాతాళపేటకున్న ఒక్క సీటూ ఎగిరిపోయి వాడి సొంతూరు అమరపురికి దక్కింది. అందులో తనే కూర్చున్నాడు. అడిగే నోరు లేకపోయేసరికి గనికి కొత్త గాలి ఫిల్టర్లు రాలేదు. తాయారు తమ్ముడు రంగడు ఆ గనిలోనే ఊపిరాడక పోయాడు.

యంత్రం సభకు తెగ నచ్చింది. పదివేల ఊపిరులకు ఒక సీటు, ఒక్కటి తగ్గినా అదే రోజు సీటు రద్దు అని చట్టం చేశారు. అమరపురిలో లెక్క పెట్టగానే పేర్లుండి ఊపిరి లేనివాళ్లు వేలల్లో తేలారు. పరాంకుశం బోనెక్కాడు.

“ఉరి వద్దు. మా గనిలో మంచు తవ్వించండి,” అని కోర్టును అడిగింది తాయారు. కోర్టు సరేనంది.

పాతాళపేటకు సీటు తిరిగొచ్చిన రోజు ఊరంతా డప్పులే. తాయారు మాత్రం తెరముందు కొయ్యబారిపోయింది. సరిగ్గా పదివేలు. పరాంకుశంతో కలిపి!

కొన్నాళ్లకు గని దుమ్ము వాడి ఊపిరితిత్తులు పట్టేసింది. పారమీదే కూలబడ్డాడు.

“పీడ విరగడవుతోంది, వదిలెయ్యి,” అంది సూరమ్మ.

“వాడు పోతే సీటూ పోతుందత్తా. ఈ గని ఊరికి కొత్తగా వచ్చి ఉండేదెవరు?”

సూరమ్మ నేలమీద తుపుక్కున ఉమ్మింది. తర్వాత వెళ్లి తన దుప్పటే తెచ్చి వాడికి కప్పింది.

సంగతి పసిగట్టడానికి పరాంకుశానికి ఎంతోసేపు పట్టలేదు. లెక్కలు చేసి బతికినవాడు మరి. వెచ్చని గది అడిగాడు, మెత్తటి పరుపు అడిగాడు. అయినవాళ్లను గనిలో పోగొట్టుకున్నవాళ్లే పళ్లు కొరుక్కుంటూ వాడి కాళ్లు పట్టారు. వాడి ఆయుష్షు కోసం మొక్కుకున్నారు కూడా.

ఒక ఉదయం తాయారు జావ పట్టుకొచ్చింది.

“మరీ వేడిగా ఉంది. చల్లార్చి పెట్టమ్మా,” అన్నాడు వాడు పరుపుమీద వాలి. “నాకేమన్నా అయితే సభలో మీ కుర్చీ ఖాళీ అయిపోతుంది.”

తాయారు మంచం పక్కన కూర్చుంది. గిన్నె చేతిలోకి తీసుకుని, ఓపిగ్గా ఉఫ్ ఉఫ్ అని ఊది, చెంచా అతని చేతికిచ్చింది.

“మా సూరమ్మత్త కోడలికి పొద్దుటినుంచీ నొప్పులొస్తున్నాయి,” అంది నెమ్మదిగా. “కవలలట.”

చెంచా పరాంకుశం నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

“తినండి,” అంది తాయారు.