గజాలా మొక్కు, వీరభద్రరావు మైకు

"చంపడానికి వాళ్ళకి ఫేస్ అక్కర్లేదు అంకుల్. వాయిస్ చాలు," అంది దియ.

మోరిస్‌విల్‌లో ఇండియన్ గ్రోసరీ వెనక, కారులో బ్రీఫింగ్. దియ ఇక్కడ అమెరికాలోనే పుట్టిన పిల్ల, కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో వీరభద్రరావుకు బాస్. అతను పైకి మాత్రం రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ డేటాబేస్ అంకుల్. తెలుగు అసోసియేషన్ మీటింగుల్లో మైకు దొరికితే వదలడని పేరు. ఆ పేరు అతను ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్న మారువేషం.

స్వదేశం విడిచి పారిపోయి వచ్చిన ఒక చరిత్ర టీచరమ్మ పక్క ఊరు క్యారీలో మారుపేరుతో బతుకుతోంది. అక్కడి ప్రభుత్వాన్ని రహస్య రేడియోలో ఏకిపారేసిన మనిషి. ఆ ప్రభుత్వం పంపిన ముఠా దగ్గర ఆమె ఫొటో లేదు, గొంతు రికార్డింగ్ ఉంది. ఈ మధ్యాహ్నం క్యారీలో డాక్టర్ రష్మి ఉపన్యాసం. విషయం, తొలి ఇస్లాం కాలంలో పాలకుల మీద తిరగబడ్డ ఖారిజీ వర్గపు స్త్రీలు. టీచరమ్మ జీవితమంతా చెప్పిన పాఠం అదే.

"టీచరమ్మని రావద్దన్నాం. వినలేదు."

"మనిషి ఎలా ఉంటుంది?"

"ప్రొటెక్షన్ వాళ్ళు నాకే చెప్పలేదు."

"మరి రష్మి?"

"మన ఇన్ఫార్మర్. మన సైడ్."

"మన సైడ్ అన్నవాళ్ళనే ముందు చూడాలమ్మా. కోడ్ వర్డ్?"

"పులిహోర. మీరు అనగానే బయట వింటున్న టీమ్ లోపలికి వస్తుంది."

హాల్లో వీరభద్రరావు కాఫీ ఫ్లాస్కును కూడా నమ్మలేదు. ఫొటోగ్రాఫర్‌ని అసలే నమ్మలేదు. వచ్చినప్పటినుంచి ఒక్క ఫొటో తీయలేదు, చెవిలో ఇయర్‌బడ్ మాత్రం సర్దుకుంటున్నాడు.

ఆకుపచ్చ పట్టుచీరలో రష్మి మెరిసిపోతోంది. కూఫా నగరంలో క్రూరుడైన గవర్నరు, అతని మసీదులోనే నమాజు చేస్తానని మొక్కుకున్న గజాలా, ఆమె భర్త దండుతో ఊళ్ళోకి దిగితే గవర్నరు తలుపులు మూసుకుని కూర్చోవడం. జనం ఊపిరి బిగపట్టి విన్నారు.

"గజాలా గబగబా చిన్న సూరా ఒకటి చదివి వెళ్ళిపోయింది," అంది రష్మి.

వీరభద్రరావుకు చురుక్కుమంది. ఖురాన్‌లో అతి పెద్ద సూరాల్లో, అంటే అధ్యాయాల్లో, రెండు నిలబడి చదివింది, మొక్కే అది. పోయిన వారం చదివిన పుస్తకంలో రష్మే అలా రాసింది. రాసిన మనిషికి తెలియదా?

"కరెక్షన్స్ ఉంటే చెప్పండి. లేడీస్‌కే ముందు మైక్!"

రష్మి చాచిన మైకు అడుగున చిన్న ఎర్రలైటు. ఫొటోగ్రాఫర్ చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. ఇదా ఎర! మైకులో పలికిన గొంతు అతని ఇయర్‌బడ్‌లోకి పోతుంది, రికార్డింగుతో సరిపోల్చుకోవడానికి. తప్పు వింటే టీచరు నోరు ఊరుకుంటుందా? వెనక వరసల్లో ఒక చెయ్యి లేవనే లేచింది.

వీరభద్రరావు ఒక్క అంగలో మైకు లాక్కున్నాడు.

"అందరికీ నమస్కారం. క్వశ్చన్ కాదు, చిన్న కామెంట్. మేడమ్, బస్రా మసీదులో గజాలా చదివింది రెండు పెద్ద సూరాలు. మీ బుక్‌లోనే ఉంది. సరే, నిలబడ్డాను కాబట్టి పార్కింగ్ గురించి రెండు ముక్కలు..."

హాలు మూలిగింది. పార్కింగ్ అయింది, పిక్నిక్ అయింది. గజాలాకి చదవడానికి రెండు పెద్ద సూరాలున్నాయి, తనకి అసోసియేషన్ బైలాస్ తప్ప ఏమీ లేవు.

"సర్, ఆ మేడమ్‌కి ఇవ్వండి," రష్మి నవ్వుతూనే మైకు పట్టి లాగింది. వేళ్ళు ఉక్కులా ఉన్నాయి. మైకు జారిపోతోంది.

"ఇస్తానమ్మా! ముందు ఆ కెమెరా బాబుకి పులిహోర పెట్టండి!"

తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. బ్యాగులోంచి సగం బయటికొచ్చిన సైలెన్సర్ పిస్టల్ అక్కడే ఆగింది. రష్మి చీర కుచ్చిళ్ళు చెదరకుండా బేడీలకు చేతులు చాచింది.

సాయంత్రం దియ ఫోన్ చేసింది. "టీచర్ సేఫ్ అంకుల్. మీకు మెసేజ్ పంపారు. ప్రాణం నిలబెట్టినందుకు థాంక్స్ అట. కానీ ఆ మసీదు బస్రాలో కాదు, కూఫాలో ఉందట."

"మైకు నా చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది," అన్నాడు వీరభద్రరావు.