ఒంటిగంటన్నరకి ఇద్దరు మన్‌లీలు

తెంగ్ పోషియాంగ్ జైల్లో విషం తిని చచ్చిపోయాడన్నారు. తినిపించారని కో సూయున్‌కి తెలుసు. గూఢచారి పని నేర్పిన గురువాయన. శత్రువుకి చేరిన ఫైళ్ళన్నీ ఆయన పేరుతోనే తెరుచుకున్నాయని సర్వర్ లాగ్ చెప్పింది. నేను కాదు మొర్రో అన్నా వినలేదు. యంత్రం అబద్ధమాడదట.

పై అధికారి కువో ఆమెకి పని అప్పజెప్పాడు. శత్రువుండే అవతలి ఒడ్డునుంచి కబురొచ్చింది. శత్రుదేశంలో ఉన్న మన ముప్పై ఒక్కమంది ఏజెంట్ల జాబితా ఈ రోజు ఒంటిగంటా ముప్పై అయిదుకి దానంతటదే వెళ్ళిపోతుంది. వెళ్ళిందా, సాయంత్రానికి ముప్పై ఒక్క శవాలు. పంపేది మన ఆఫీసులోనే ఉన్న షియె మన్‌లీ. రుజువు లేదు.

"ఎలా ఆపుతావ్?"

"తెంగ్ సారుని ఆవిడ ఎలా ఇరికించి చంపిందో అలాగే సార్."

కావ్‌షియుంగ్ రేవులో షిప్పింగ్ కంపెనీ బోర్డు తగిలించుకున్న గూఢచారి ఆఫీసది. సూయున్‌ది కొత్త టైపిస్టు వేషం, సోడాబుడ్డి కళ్ళద్దాలు. అందరితోపాటు పన్నెండింటికి డబ్బా అన్నం తిని, మధ్యాహ్నం కునుక్కి లైట్లు ఆర్పగానే బల్లమీద తల వాల్చింది. పక్క సీట్లో మన్‌లీ కళ్ళకి పట్టుగంత కట్టుకుని మహారాణిలా నిద్రపోతోంది. ఒంటిగంటన్నరకి లైట్లు వెలుగుతాయి. ఆఫీసంతా ఒక్కసారే పాస్‌వర్డ్ కొడుతుంది.

కన్నం అక్కడే ఉంది. సర్వర్ ప్రతి పాస్‌వర్డునీ రుబ్బి, వచ్చిన హాష్ అనే గుర్తుని పలకమీద రాసి, దాచుకున్నదానితో పోల్చుకుంటుంది. ఒకేసారి ఈ పని చేసే వంద థ్రెడ్లకీ పలక ఒక్కటే. తెంగ్ సరైన పాస్‌వర్డ్ కొట్టిన క్షణంలోనే ఆయన పేరుతో ఇంకెవరు చెత్త కొట్టినా, పలకమీదున్నది తెంగ్ హాషే. తలుపు ఇద్దరికీ తెరుచుకుంటుంది. మన్‌లీ రోజూ అలాగే దూరింది. రెండు లైన్ల కోడ్‌తో పూడిపోయే కన్నం. తెంగ్ పోయాక దాన్ని కనిపెట్టి నెలైనా సూయున్ పూడ్చలేదు.

లైట్లు వెలిగాయి. సూయున్ పౌడర్ డబ్బా మూత నొక్కింది. అందులోని పరికరం మన్‌లీ పేరుతో సెకనుకి వెయ్యిసార్లు సర్వర్ తలుపు బాదడం మొదలెట్టింది.

మన్‌లీ ఆవులించింది. టీ తాగింది. ఒంటిగంటా ముప్పై మూడు. పాస్‌వర్డ్ మాత్రం కొట్టదే.

"చెల్లీ, కళ్ళు ఎర్రగా ఉన్నాయే. ఏడ్చావా?"

"మా గురువుగారు కల్లోకొచ్చారక్కా."

మన్‌లీ నవ్వి పాస్‌వర్డ్ కొట్టింది. పొడుగ్గోళ్ళు, తప్పు పడింది. మళ్ళీ కొట్టింది. డబ్బాలో పచ్చలైటు వెలిగింది. సూయున్ లోపలికి దూరి జాబితా చెరిపేసింది. శత్రువుతో మన్‌లీ నడిపిన ఉత్తరాలన్నీ మన్‌లీ పేరుతోనే కువోకి పంపింది. ముప్పై అయిదుకి ఇంకా పది సెకన్లున్నాయి.

కువో ఇద్దరు గార్డులతో వచ్చాడు. మన్‌లీ మొహం పాలిపోయింది. తను పంపలేదంది, ఒట్టేసింది. లాగ్‌లో నీ పేరే ఉందన్నాడు కువో.

"ఆ లాగ్‌ని నమ్మకండి సార్. సర్వర్‌లో లోపముంది. నేను లాగిన్ అయినప్పుడే నా పేరుతో ఇంకొకరు దూరారు."

సూయున్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"రాసుకోండి సార్. తెంగ్ గారు చెబితే నమ్మలేదు కదా. ఈవిడ బాగా చెబుతోంది."