లాండ్రీలో ఎవరో ఉన్నారు

ఆ మూసేసిన లాండ్రీ ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. లోపల ఎవరో దగ్గుతారని పేరు. ఓనరు గారి అన్నదమ్ముల తగాదాలో కోర్టు తాళం వేసిన షాపులో దగ్గేదెవరు?

ఇది మా పక్కింటి వదిన చెప్పింది. ఆవిడ అక్కడే గుండీలు కుట్టేది, వాళ్ళాయన, అదే మా అన్నయ్య అని పిలిచేవాడు, ఇస్త్రీ చేసేవాడు. షాపు మూతపడి మూడు నెలలైంది. ఎక్కడా పని దొరకలేదు. పొయ్యి రోజు విడిచి రోజు వెలుగుతోంది.

"షాపులోంచి రెండు ఇస్త్రీ పెట్టెలు తెచ్చుకుంటే ఇంట్లోనే పని మొదలెట్టొచ్చు," అన్నాడు అన్నయ్య.

"తెచ్చుకోవడమా... దొంగతనమా?"

"నెమ్మదిగా మాట్లాడవే!"

ఆ రాత్రి వెనక కిటికీలోంచి దిగారు. టార్చి వెయ్యడానికి భయం. తడుముకుంటూ నాలుగడుగులు వేశారో లేదో—

దగ్గు.

అన్నయ్య ఆరడుగుల మనిషి. ఆ ఆరడుగులూ వణికాయట. ఎదురుగా ఏదో కదిలింది... రెండు చేతులతో బలంగా తోసేశాడు. బల్ల అంచుకి తల తగిలిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమండీ... మనిషే!"

అంతే. ఇద్దరూ కిటికీ దూకి పరుగో పరుగు.

మర్నాడు వీధిలో మాటలన్నీ ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. ఎవరూ చనిపోయారన్న మాట లేదు. పోలీసులూ రాలేదు. అన్నయ్యకి అదే ఇంకా భయమైంది. అన్నం సహించలేదు. తీగ మీద తన చొక్కా గాలికి ఊగితే చేతులు జోడించి, "తప్పయిపోయింది బాబూ," అన్నాడట!

మూడో రోజు వదినే తెగించింది. "పదండి. శవం ఉంటే మనమే పోలీసులకి చెప్పేద్దాం."

"లేకపోతే?"

వదిన టార్చి తీసుకుని బయల్దేరింది.

మళ్ళీ అదే కిటికీ. మళ్ళీ అదే దగ్గు. చీకట్లో తెల్లగా ఒక తల...

అన్నయ్య నేల మీద సాగిలపడ్డాడు. "కావాలని తొయ్యలేదయ్యా! నన్నొదిలెయ్యి!"

"ఓరి నీ... నువ్వట్రా తోసింది?"

వదిన టార్చి వేసింది. తలకి కట్టుతో లాండ్రీ ఓనరు గారు!

"సార్, మీరిక్కడ..."

"మెల్లిగా అమ్మా! తాళం వేసిన షాపు. నా సామాను నేనే కొంచెం కొంచెంగా దొంగిలించుకుంటున్నాను. ఆ దుమ్ముకి దగ్గొకటి."

అన్నయ్య ఆయన కాళ్ళు వదలడు. ఏడుపు, నవ్వు కలిసి వస్తున్నాయి. "చంపేశాననుకున్నాను సార్. మూడు రోజులుగా కునుకు లేదు."

"ఊరుకోరా. మీరిద్దరూ పారిపోయుంటే నేను చచ్చేవాణ్ణేమో. చీకట్లో ఆ ఆడగొంతెవరిదో అనుకున్నాను, నీ పెళ్ళాందన్నమాట, ఆవిడ పుణ్యాన బతికాను. తెల్లారేదాకా కూర్చుని, కట్టు కట్టి, నీళ్ళు తాగించింది కదా."

వదిన టార్చి కిందికి దించింది.

"సార్... మేం ఆ క్షణమే పారిపోయాం."

ఓనరు గారి చెయ్యి మెల్లగా కట్టు మీదికి వెళ్ళింది.

"మరి... 'కదలకండి' అని నా చెవిలో అన్నదెవరు?"

ముగ్గురూ ఒకేసారి కిటికీ దగ్గరికి పరిగెత్తారట. టార్చి ఎక్కడో పడిపోయింది. చీకట్లో తన కాలు జారుతుంటే వదినే చెయ్యి పట్టుకుని పైకెక్కించిందని అన్నయ్య ఇప్పటికీ మురిసిపోతూ చెబుతాడు.

వదిన నా చెవిలో మాత్రం ఇలా అంది:

"ఆయనకి చెప్పకు. నేనప్పటికే రోడ్డు మీదున్నాను."