దూరం వెళ్లే సీసాలు

తువ్వాలులో చుట్టి తెచ్చిన సీసాను బల్ల మీద పెట్టి, ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"మా కోడల్ని జైల్లో పెడతారా బాబూ?"

డిటెక్టివ్ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు. వాళ్ల ఇంట్లో చేసి అమ్మే సరుకది. ఆదివారం మధ్యాహ్నం అవి తిని ఒక పెద్దాయన నోరు కాలింది. సోమవారం ఇంకో ఊళ్లో ఒక టీచరమ్మకు గొంతు పొక్కింది. లైసెన్సు కోడలి పేరున ఉంది. రేపు పొద్దున తనిఖీ అధికారి వస్తాడు.

"పులుపు కలిపేది ఎవరమ్మా?"

"కోడలే. నేను ముక్కలు తరుగుతాను, మూతలు బిగిస్తాను, అంతే. దానికి పరధ్యానం బాబూ. ఎప్పటికైనా కొంప ముంచుతుందని నాకు భయంగానే ఉండేది."

"వేళ్లకేమైందండీ?" అంది సహాయకురాలు. ఆవిడ వేలికొసలు తెల్లబడి, పొరలు లేస్తున్నాయి.

"వేడి గిన్నె పట్టుకున్నాలే." చెయ్యి తువ్వాల్లోకి పోయింది.

వాళ్ల పనిగదిలో ఘాటు కళ్లకు తగిలింది. కోడలు ఏడ్చి ఏడ్చి ఉంది. ఎర్రమూత డబ్బా చూపించింది.

"ఇది గాఢమైన ఆమ్లం సార్. గ్లాసుకి పదిహేను గ్లాసుల నీళ్లు. అంతా ఒకే గిన్నెలో కలిపి ఇరవై సీసాలకీ పోశాను. ఇదివరకు తయారు వెనిగరే కొనేవాళ్లం. దీంతో చేసిన మొదటివి ఈ ఇరవయ్యే, మూడు వారాలైంది."

"నిన్న మధ్యాహ్నం మేమూ ఆ ఇరవైలో ఒకటి తిన్నాం," అన్నాడు కొడుకు. "అమ్మే వడ్డించింది. ఏమీ కాలేదు."

డిటెక్టివ్ అలమరలోంచి ఇంకో సీసా తీసి ఒక ముక్క నమిలాడు. మామూలు పులుపే.

"పార్సిల్లో వెళ్లినవి ఎన్ని?"

"మూడే," అన్నాడు కొడుకు. "ఆ పెద్దాయనకి, టీచరమ్మకి, మా చెల్లికి. దూరం వెళ్లేవాటికి ముందే లేబుల్ అంటించి పక్కన పెడతాను."

సహాయకురాలు ఎవరూ చెప్పకుండానే చెల్లెలి నంబరు తీసుకుని, ఫోనుతో వరండాలోకి వెళ్లింది. తిరిగొచ్చి డిటెక్టివ్ చెవిలో ఏదో చెప్పింది. ఆయన అందరినీ కూర్చోమన్నాడు.

"గిన్నెలో తప్పు జరిగితే ఇరవై సీసాలూ నోరు కాల్చాలి. కాల్చినవి దూరం వెళ్లినవే. అంటే లేబుల్ పడ్డాక, మూత బిగించేముందు, ఎవరో వాటిలో ఆమ్లం పోశారు. పగతో కాదు. దారిలో బూజు పడుతుందన్న భయంతో."

కొడుకు తల్లి వైపు తిరిగాడు.

"ఒక్కో గరిటె," అందావిడ. "ఎప్పుడూ పోసేదాన్నే. పాత వెనిగర్‌తో ఏమీ కాలేదు. ఇదీ పులుపే కదా, కాస్త ఎక్కువైతే మంచిదే అనుకున్నాను."

"అది పొరపాటు," అన్నాడు డిటెక్టివ్. "ఆ తర్వాతది కాదు. పెద్దాయన సంగతి తెలిసిన ఆదివారం సాయంత్రమే మీ అమ్మాయికి ఫోన్ చేసి సీసా పారెయ్యమన్నారు. ఇంట్లో సీసా మాత్రం మర్నాడు నిశ్చింతగా వడ్డించారు. ఏవి కాలుస్తాయో మీకు తెలుసు. టీచరమ్మ తిన్నది సోమవారం."

కొడుకు నేల చూపులు చూస్తూ అడిగాడు.

"టీచరమ్మకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే నేనే పోశానని తెలిసిపోదూ?"

"మరి నా దగ్గరికెందుకు వచ్చారు?" అన్నాడు డిటెక్టివ్.

"మీరు కోడలి పేరు చెబుతారని. చదువుకున్నవాళ్లు చెబితే నేనూ నమ్మేద్దామనుకున్నాను బాబూ."

గోడవైపు తిరిగి కూర్చున్న కోడలు లేచింది. కళ్లు తుడుచుకోలేదు. ఫోనులో ఒక నంబరు నొక్కి అత్తగారి చేతిలో పెట్టింది.

"టీచరమ్మ అత్తయ్యా. మీరే మాట్లాడండి."

అవతల బొంగురు గొంతు, మాట సరిగా పెగలని గొంతు, "ఎవరండీ?" అంది.

పొరలు లేచిన వేళ్లతో ఆవిడ ఫోను చెవికి ఆనించుకుంది.

"నేనమ్మా," అంది. "సీసాలకు మూతలు బిగించేదాన్ని."