స్థానికురాలు

ఓక్లహోమాలో ఆ పొద్దున డెల్‌రాయ్ పెనం మీద గుడ్లు వేస్తున్నాడు. కూతురు లోరెటా ఒరెగాన్ యూనివర్సిటీకి ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టింది. బయటి రాష్ట్రం పిల్లలకి అక్కడ ఫీజు మూడింతలు. లారీలు బాగుచేసే డెల్‌రాయ్‌కి అంత తాహతు లేదు.

"మీరు మోడాక్ ఆదివాసీ జాతి పౌరులా?" అవతల ఆఫీసావిడ అడిగింది. లోరెటా అవునంది. "అయితే మీకు స్థానికుల ఫీజేనమ్మా. మీ పెద్దలది ఈ నేలే కదా."

లోరెటా ఎగిరి గంతేసింది. డెల్‌రాయ్ వచ్చి ఫోన్ కట్ చేశాడు.

"అదేంటి నాన్నా!"

"ముష్టి! నూటయాభై ఏళ్ల కిందట మన పెద్దల్ని సైన్యం పట్టుకుని, పశువుల రైలుపెట్టెల్లో కుక్కి ఇక్కడ పారేసింది. ఇప్పుడు తగ్గింపు బేరమా? నలుగురూ నవ్విపోతారు."

"ఎవరు నవ్వేది? నీ షెడ్డు ముందు కూర్చునే ఆ ముసలాళ్లా? వాళ్లకి పళ్లే లేవు."

"నోరు లేస్తోందే! ఈ ఊరి కాలేజీ చాలు నీకు."

"ఎవరో నవ్వారని కోపమొచ్చి నువ్వు తొమ్మిదో క్లాసులోనే బడి మానేశావు. ఆ కోపమే నాకూ తినిపిస్తావా?"

చెంపమీద కొట్టినట్టయింది అతనికి. పెనం మీద గుడ్డు మాడుతోంది.

అంతవరకూ బల్ల దగ్గర రొట్టె నములుతున్న డెల్‌రాయ్ తల్లి ఓపల్ చెయ్యి తుడుచుకుంది.

"ఒరేయ్, పుట్టింటికొచ్చిన పిల్లని 'పరాయిదానివి, మూడింతలు కట్టు' అనకపోతే అది ముష్టి అవుతుందట్రా? తరిమినవాడే ఇవాళ 'ఈ నేల మీది' అని తన నోటితో ఒప్పుకుంటున్నాడు. ఎవడు గెలిచాడు, ఎవడు ఓడాడు? చెప్పు, సన్నాసీ."

డెల్‌రాయ్ మాడిన గుడ్డు తీసి పారేసి, పొయ్యి ఆర్పాడు. తర్వాత ఫోన్ తనే తీసుకుని, మళ్లీ అదే నంబరుకి చేశాడు.

"ఇందాక కట్ చేసింది నేనేనమ్మా. మా పిల్ల పేరు రాసుకోండి."

"సంతోషమండీ. మీవాళ్లు ఒరెగాన్ నుంచి ఎప్పుడు వెళ్లిపోయారు?"

"వెళ్లిపోలేదు, సైన్యం మోసుకుపోయింది." లోరెటా వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు మా కాళ్లతో మేమే వస్తున్నాం."

సెప్టెంబర్లో, ఒరెగాన్ యూనివర్సిటీలో చేర్పించే వరసలో, ముందున్న తండ్రి పలకరింపుగా వెనక్కి తిరిగాడు.

"మాది పక్క ఊరేనండీ. మీరు బయటివాళ్లా?"

డెల్‌రాయ్ నిటారుగా నిలబడి, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"కాదండీ. మీకన్నా చాలా ముందునుంచీ ఇక్కడివాళ్లమే."