మెట్టు మీద కూర్చున్న సాయిబు

మీనాక్షమ్మ ఆ ఉదయం నాలుగోసారి వాకిట్లోకి వచ్చి చూసింది. ముగ్గు ఎప్పుడో వేసింది, కాఫీ ఎప్పుడో దించింది. నిన్న సాయంత్రం బస్సులో రావలసిన కూతురు దేవకి మాత్రం రాలేదు. ఏడో నెల, తొలి కాన్పు. అత్తవారి ఊరు పలమనేరు నుంచి ఆమెను పిలుచుకురావడానికి వెళ్ళిన ఆడబిడ్డ అలివేలమ్మ జాడా లేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఇరవై రోజులైంది. పలమనేరు ఆంధ్రలోకి అటు పోయింది, తాముండే గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలో ఇటు మిగిలింది. మధ్యలో గీత ఎక్కడుందో చూసినవాడు లేడు గానీ, దాని కోసం అరిచేవాళ్ళు మాత్రం బోలెడుమంది. ఆ అరుపులు వీధిలో వినిపించినప్పుడల్లా మీనాక్షమ్మ వీధి మలుపు దాకా పోయి చూసి వచ్చేది.

జట్కా వచ్చి ఆగింది. బస్టాండుకు పంపిన హయాత్ సాయిబు ఒక్కడే దిగాడు.

"బస్సు రాలేదప్పా. నిన్న ఆఖరి బస్సు దాకా చూసినా, పొద్దున మళ్ళా పోయి చూసినా. సరిహద్దులో చెట్లు కొట్టి దారికి అడ్డంగా వేసినారంట."

ఇంటి ముందరి జవుళి అంగడి తెరవబోతున్న ఆమె భర్త శేషాచలం తాళంచెవితోనే వీధిలోకి వచ్చాడు. నిన్నటి నుంచి పేరుకున్న భయం నోటి దాకా వచ్చేసరికి తిట్టుగా మారింది.

"అబద్ధం! బస్సు వచ్చినప్పుడు నువ్వు నమాజుకు పోయుంటావు. కడుపుతో ఉండే బిడ్డ దిగి, నువ్వు కనపడక యాడ పోయిందో ఏమో!"

"నమాజు బండి పక్కనే చేసుకున్నా అప్పా. యాడికీ పోలేదు."

"నోరు ముయ్! నిన్ను నమ్మి పంపించిన నాది బుద్ధి తక్కువ. ఇంగ నా బిడ్డను నీ బండి ఎక్కనియ్యను. పో!"

ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. తెల్లగడ్డం సాయిబు చెవులు ఎర్రబడ్డాయి, చేతిలో చెర్నాకోల బిగుసుకుంది. మరుక్షణం దాన్ని నేల మీద పెట్టి, శేషాచలం ఇంటి మెట్టు మీద చతికిలబడ్డాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ వాకిట నిలబడే మాట్లాడిన మనిషి!

"చూసినారా పొగరు! నేను నిలబడి అడగతా ఉంటే నా మెట్టు మీదనే కూర్చుంటాడు!"

మీనాక్షమ్మ తెచ్చిన చెంబు నీళ్ళతో సాయిబు ముఖం కడుక్కుని లేచాడు. "బిడ్డ క్షేమంగా వస్తాదిలే అప్పా. సలాం," అని బండి తోలుకుపోయాడు.

"బెంగంతా ఆయన మీద కక్కితిరి కదా! ఇప్పుడు ఎవరు పోతారు వెతకడానికి?" అంది మీనాక్షమ్మ.

శేషాచలం మరో ఇద్దరు జట్కావాళ్ళను బతిమాలాడు. గొడవ తగ్గనీ చూద్దామన్నారే గానీ ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం విస్తళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అన్నం ముందు కూర్చుని మీనాక్షమ్మ ఏడుస్తుంటే ఆయన విస్తరి పక్కకు జరిపి మళ్ళీ వాకిట్లోకి వెళ్ళాడు.

మూడు గంటలకు గుర్రం గజ్జెలు వినిపించాయి. హయాత్ సాయిబు జట్కా! అందులోంచి దేవకి తల్లి భుజం పట్టుకుని మెల్లగా దిగింది. వెనకనే అలివేలమ్మ దిగుతూనే అందుకుంది.

"బస్సు ఆగిపోతే రాత్రంతా దారిలో ఒక ఊరి చావిట్లో పడుంటిమి రా తమ్ముడూ! సాయిబు చేన్లలో పడి చుట్టూ తిరిగి, మమ్మల్ని అడగతా అడగతా వచ్చినాడు. నువ్వు పంపించబట్టి సరిపోయింది!"

శేషాచలం తల వంచుకున్నాడు.

"వచ్చేటప్పుడు నిండు మనిషిని చేన్లలో తోలకూడదని రోడ్డు మీదనే వచ్చినాడు. చెట్ల కాడ ఒకడు కళ్ళెం పట్టుకుని సాయిబును అనరాని మాటలన్నీ అన్నాడు. ఈయనేమో దిగి దుమ్ములో కూర్చునేసినాడు! వాడు అరిచి అరిచి అలిసిపోయినాడు. అప్పుడు, 'నాయనా, గొంతు ఎండిపోయింటాది, నీళ్ళు తాగు. బండిలో కడుపుతో ఉండే బిడ్డ ఉండాది, ఒక చెయ్యి వెయ్యి' అన్నాడు. ఆ తిట్టినోడే కొమ్మలు లాగి దారి ఇచ్చినాడు!"

"ఎందుకు కూర్చున్నాడంట?" శేషాచలం అడిగాడు.

"నేనూ అదే అడిగినా నాయనా," అంది దేవకి. "'నాకూ కోపం వచ్చిందమ్మా. నిలబడినోడికి కోపం వస్తే కూర్చోమని మా ప్రవక్త చెప్పినారు. తగ్గకపోతే పడుకోమన్నారు, నీళ్ళతో కడుక్కోమన్నారు. తిట్టినోడికి మంచే చెయ్యమన్నారు' అన్నాడు."

శేషాచలం కళ్ళముందు పొద్దుటి మెట్టు మెదిలింది. తాను పొగరన్నది దాన్నే. చెర్నాకోల చేతిలో ఉండి, వీధంతా చూస్తుండగా, ఆ ముసలాయన అక్కడ కూర్చుని తన కోపాన్ని మింగాడు. మింగి, తనను వెళ్ళగొట్టినవాడి బిడ్డ కోసమే వెళ్ళాడు.

బయట సాయిబు గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. శేషాచలం వెళ్ళి అదే మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏమప్పా, ఇంకా కోపమా?" అన్నాడు సాయిబు గాభరాగా.

"కోపం కాదు సాయిబూ, సిగ్గు. దానికేం చెయ్యమన్నారు మీ పెద్దలు?"

సాయిబు బక్కెట కింద పెట్టి, తడి చేతులు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు.

"కొంచెం జరుగప్పా," అని పక్కనే కూర్చున్నాడు.