మంచుబండికి బొట్టు

“ఏం తల్లీ, ఏడాదంతా పడుకున్నావు. తీరా పనిపడే వేళకి అలిగితే ఎట్టా చెప్పు?”

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో, మంచు హాలు వెనకున్న రేకుల షెడ్డులో, మంచుమీద నడిచే పసుపురంగు స్నోమొబైల్ ముందు గొంతుక్కూర్చుని వెంకటరాజు ఆ మాట అన్నాడు. తాళం తిప్పితే బండి ఉలకడం లేదు.

“అలగలేదు. బ్యాటరీ బల్ల మీదనే ఉంది,” అని వెనకనుంచి తెలుగులోనే జవాబు వచ్చింది.

అతను తిరిగి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. ఒక చేత్తో తడిసిన గొడుగు, భుజాన లాప్‌టాప్ సంచి, ముఖాన ఆపుకుంటున్న నవ్వు. వాన షెడ్డు రేకుల మీద పెద్దగా కురుస్తోంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అతను అంతకు ముందు బండితో ఆడిన మాటలన్నీ ఆ అమ్మాయి విని ఉండేది. నిజానికి సగం వినే ఉంది.

ఆ అమ్మాయి పేరు అలేఖ్య. సొంత ఊరు కరీంనగర్. పాయా లేబర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పాసిర్ రిస్‌లో అరుంధతి ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. అది రెండువేల ఆరో సంవత్సరం. చిన్నా పెద్దా ప్రతి ఆఫీసూ కాగితాలు మానేసి కంప్యూటర్ పెట్టుకుంటున్న రోజులు. మంచు హాలు యంత్రాల మరమ్మతు వివరాలన్నీ కంప్యూటర్‌లో రాసే ఏర్పాటు చేయడానికి ఆమె వచ్చింది.

వెంకటరాజుది కాకినాడ. పోర్టులో ఓడ ఇంజన్ల పని నేర్చి, ఇక్కడ షిప్‌యార్డులో రెండేళ్ళు చేసి, కిందటి ఏడు ఈ హాలుకి మెకానిక్‌గా వచ్చాడు.

యంత్రాలతో మంచు తయారుచేసే ఆ హాలు లోపల ఎప్పుడూ సున్నాకు కింద అయిదు డిగ్రీలు. బయట ముప్పై రెండు. స్కూలు సెలవులు మొదలయ్యాక, నవంబరు చివరినుంచి కొత్త సంవత్సరం దాకా, స్నోమొబైల్ వెనక చక్రాల్లేని స్లెడ్జి బండి కట్టి పిల్లల్ని మంచుగుట్ట ఎక్కించి దింపుతారు. సింగపూర్ పిల్లలకు చలికాలమంటే ఆ అయిదు వారాలే. మిగతా ఏడాదంతా బండి షెడ్డులో ఉంటుంది. చలిలోంచి బయటికి తెచ్చిన బండికి గంటసేపు ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ నీరు వైర్లలోకి, బేరింగుల్లోకి పోయి తుప్పు పట్టిస్తుంది. అందుకని సీజనుకు ముందు బండిని మొత్తం విప్పి, పాత పెట్రోలు తీసేసి, ప్లగ్గులు మార్చి, కింద రబ్బరు పట్టా బిగువు సరిచూసి, కీలుకీలుకూ గ్రీజు పెట్టాలి.

ఆ ఏడు ఈ పనికి ఇంకో సంగతి ముడిపడి ఉంది. ఈ దేశంలో పనిచేయడానికి ఇచ్చే వెంకటరాజు వర్క్ పాస్ నవంబరు పదిహేనుతో అయిపోతుంది. మేనేజరు మిస్టర్ లిమ్ ముందే చెప్పాడు. బండి సెలవులకు సిద్ధమై, పిల్లల్ని ఎక్కించవచ్చని తనకు నమ్మకం కుదిరితే పాస్ పొడిగింపుకు సంతకం పెడతాడు. లేదంటే ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాడు. వెంకటరాజు తిరిగి వెళ్ళిపోవాలి.

మొదటి వారమంతా ఇద్దరికీ పడలేదు. ప్రతి పనికీ తెరమీద పన్నెండు గళ్ళు నింపాలని ఆమె అంది. ఒక నట్టు బిగించడానికి అర నిమిషం, బిగించానని రాయడానికి పావుగంటా అని అతను అడిగాడు. పని ముగించేటప్పుడు ఫొటో కూడా జతచేయాలని, లేకపోతే కంప్యూటర్ ఒప్పుకోదని ఆమె చెప్పింది.

“నా మాట మీద నమ్మకం లేదాండి?”

“మీ మీద ఉంది. రేపు మీ సీట్ల ఎవరుంటరో తెల్వదు కదా.”

ఆ మాట అతనికి ఎక్కడ తగిలిందో ఆమెకి అప్పుడు తెలియదు. పాస్ సంగతి తర్వాత తెలిసి, ఆ మధ్యాహ్నం తనే రెండు కప్పుల టీ తెచ్చి ఒకటి అతని టూల్ బాక్సు మీద పెట్టింది. క్షమించమని అడగలేదు. అతనూ అడిగించుకోలేదు. టీ మాత్రం చల్లారకముందే తాగాడు.

ఆ తర్వాత ఆమె రావలసిన రోజులకన్నా ఒకటి రెండు రోజులు ఎక్కువే వచ్చింది. అతను పన్నెండు గళ్ళూ నింపడం మొదలుపెట్టాడు. పదమూడోది కూడా ఉంటే బాగుండునని ఒకసారి అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. లాప్‌టాప్ తెరను మాత్రం మరీ శ్రద్ధగా చూసింది.

మహర్నవమి ఆదివారం వచ్చింది. బండికి, పనిముట్లకు ఆయుధ పూజ చేస్తున్నానని, కావాలంటే ఆమె కంప్యూటర్ కూడా తెచ్చుకోవచ్చని వెంకటరాజు పిలిచాడు. అరుంధతి ఆంటీ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, చిన్న సీసాలో నువ్వుల నూనె కట్టి ఇచ్చింది. చలిలో తిరిగే బండి కదా, పొడి బొట్టు రాలిపోతుంది, నూనెలో కలిపి పెట్టమని కూడా చెప్పి పంపింది.

స్పానర్లకు, సుత్తికి, లాప్‌టాప్ మూతకు బొట్లు పెట్టారు. బండికి అసలు బొట్టు ఎక్కడ పెట్టాలని అలేఖ్య అడిగింది. పక్క మూత తెరిచే ఉంది. అతను నవ్వుతూ లోపలి ఉక్కు చక్రాన్ని చూపించి, దీని ప్రాణమంతా అక్కడే ఉందండి అని, కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుక్కుంటూ బయటికి వెళ్ళాడు. అతను తిరిగి వచ్చేసరికి ఆమె చేతులు తుడుచుకుంటోంది. అతను మూత వేసి బిగించి, పట్టా కింద నిమ్మకాయలు పెట్టి, బండిని రెండడుగులు నడిపాడు. ఇద్దరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఎవరు ఏం కోరుకున్నారో చెప్పుకోలేదు. ఒకటే కోరుకుని ఉంటారా? ఆ సంగతి పైవాడికే తెలియాలి.

బుధవారం మొదటి పరీక్ష. స్లెడ్జిలో ఆరు ఇసుక బస్తాలు వేశారు. మిస్టర్ లిమ్ లావుపాటి కోటు వేసుకుని గుట్ట కింద నిలబడ్డాడు. బండి చదునులో బాగానే పోయింది. గుట్ట ఎక్కేచోట ఇంజను గట్టిగా అరిచింది గాని బండి ముందుకు పోలేదు. కాలిన రబ్బరు వాసన వచ్చింది. మెల్లగా వెనక్కి జారి మొదలుకే వచ్చింది. ఇంకో రెండుసార్లూ అంతే.

ఏమైందని లిమ్ అడిగాడు. వెంకటరాజు ఒక్క క్షణం ఆలోచించి, బెల్టు కొత్తది, దాని నంబరు కంప్యూటర్‌లోంచే తీసుకున్నాను, ఆ నంబరు తప్పై ఉండాలి అన్నాడు. అలేఖ్య అక్కడే ఉంది. అరువు తెచ్చుకున్న కోటు విప్పి మేకుకి తగిలించి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఫోన్ చేసింది.

“నంబర్ మూడుసార్లు చెక్ చేసిన. కరెక్టే ఉంది. మీ చెయ్యి ఓసారి చూసుకోండి, రాజుగారూ.”

‘గారూ’ అన్నప్పుడే ఆమె కోపం అతనికి తెలిసింది. అతను వెళ్ళి మూత విప్పాడు.

ఇంజను బలాన్ని పట్టాకు అందించేది వెడల్పాటి రబ్బరు బెల్టు. అది రెండు ఉక్కు చక్రాల మధ్య బిగిసి తిరగాలి. అక్కడ ఒక్క చుక్క నూనె పడినా జారుతుంది. బరువు లేనప్పుడు తెలియదు, ఎత్తెక్కేటప్పుడు తెలుస్తుంది. వెంకటరాజు చూసేసరికి చక్రం బయటి ముఖం మీద మూడువేళ్ళ పసుపు, మధ్యలో కుంకుమ చుక్క చెక్కుచెదరకుండా ఉన్నాయి. నూనె మాత్రం అంచు మీదుగా లోపలికి దిగి, బెల్టంతా పట్టింది.

అతను ముందు ఫొటో తీసుకున్నాడు. భక్తితో పెట్టిన బొట్టు బండిని ఆపుతుందా? బండిని ఆపింది భక్తి కాదు, నూనె. అంత తెలిసినవాడు మూత తెరిచి ఉంచి, ప్రాణం అక్కడే ఉందని వేలు పెట్టి చూపించవచ్చునా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది తనేనని అతనికి అనిపించింది.

చక్రాలు స్పిరిట్‌తో తుడిచాడు. నూనె పట్టిన బెల్టు ఇక పనికిరాదు, ఇంకోటి తెప్పించాలంటే పది రోజులు. కొత్తది వేసేటప్పుడు తీసి దాచిన పాత బెల్టు కొలిచి చూస్తే, పారేయాల్సిన కొలతకి ఇంకా అర మిల్లీమీటరు మిగిలి ఉంది. అది వేశాడు. కొత్తది వచ్చేదాకా చాలు. శనివారం ఇసుక బస్తాలతో బండి మూడుసార్లూ గుట్ట ఎక్కింది.

అయితే లిమ్ అక్కడితో వదలలేదు. మొదట ఎందుకు ఆగిందో కంప్యూటర్‌లో రాయమన్నాడు. వెంకటరాజు రాశాడు. చక్రాల మీద నూనె పడింది, కారణం మెకానిక్ అజాగ్రత్త. ఫొటో లేకుండా పని ముగియదు కాబట్టి, తుడవకముందు తీసినది జతచేశాడు. ఆ హాల్లో అందులోని బొట్టును పోల్చుకోగలిగినవాళ్ళు ఎవరూ లేరనే అతని ధైర్యం.

లిమ్ ఆ వాక్యం చదివాడు. పిల్లలెక్కే బండి దగ్గర అజాగ్రత్త మనిషిని ఉంచలేనని, పాస్ కాగితం మీద సంతకం పెట్టనని అన్నాడు. వెంకటరాజు తల ఊపి వచ్చేశాడు.

సోమవారం పాయా లేబర్‌లో, తన బల్ల దగ్గర, అలేఖ్య ఆ రికార్డు తెరిచింది. ముందు వాక్యం చదివింది. తర్వాత ఫొటో చూసింది. ఆ మూడు గీతలూ ఆమె వేళ్ళవే. ఉంగరం వేలి గీత ఎప్పుడూ కొంచెం పక్కకు పోతుంది. ఇంట్లో గడపకు పెట్టినా అంతే.

ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమె. ఆ వాక్యాన్ని మార్చడం ఆమెకు నిమిషం పని, ఎవరికీ తెలియదు కూడా. కాని ఎవరికీ తెలియకుండా దిద్దిన నిజం నిజమవుతుందా? లాప్‌టాప్ మూసి, పర్మిషన్ అడిగి, రైలెక్కింది.

లిమ్ గదిలో ఎర్రటి చిన్న మందిరం ముందు నారింజపండ్లు, అగరొత్తులు ఉన్నాయి. ఆమె ఫొటో ప్రింటు బల్లమీద పెట్టి, ఇది నా చెయ్యి అంది. పండగ సంగతి, నూనె సంగతి దాచకుండా చెప్పింది. ఇందుకు మీరు మా కంపెనీకి కంప్లెయింట్ రాసినా సరే అంది.

లిమ్ ఫొటోను తిప్పి తిప్పి చూశాడు. మూత తెరిచింది ఎవరని అడిగాడు. అతనే అని చెప్పింది. నూనె పెట్టింది ఎవరని అడిగాడు. నేను అంది.

“తప్పు ఇద్దరిదీ లా,” అన్నాడు చివరికి, సింగపూర్ వాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి. “కానీ అతను నీ పేరు దాచాడు గాని నూనెను దాచలేదు. నూనెను దాచి ఉంటే ఈ బండి మీద ఒక్క పిల్లవాణ్ణి కూడా ఎక్కించేవాణ్ణి కాదు. రికార్డు సరిగ్గా దిద్దు. సంతకం పెడతాను.”

వెంకటరాజు షెడ్డులో స్లెడ్జి కొక్కేలకు గ్రీజు పెడుతున్నాడు. సంగతంతా విని, సంతోషించాల్సింది పోయి ముఖం ముడుచుకున్నాడు.

“ఎందుకు చెప్పారండి? మీ ఉద్యోగం మీదకి వస్తే?”

“నా తప్పుకు మీరు ఊరికి పోతనంటే, నేను ఇక్కడ కూసుని జీతం తీసుకోవాల్నా?”

“మూత తెరిచింది నేనే కదండి.”

“అది కూడా రాసిన. చదువుకోండి. కాని అబద్ధం ఎందుకు రాసిండ్రు?”

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఉన్న గ్రీజు పోయాక కూడా తుడుచుకున్నాడు. వాన మళ్ళీ మొదలైంది.

“మీ పేరు అక్కడ రాయడానికి చెయ్యి రాలేదండి,” అన్నాడు. “వేరేచోట రాసుకోవాలని ఉంది. మీకు ఇష్టమైతేనే.”

ఆమె వాన వంక చూసింది. వాన తగ్గలేదు, ఆమె కూడా వెళ్ళలేదు.

“ఆదివారం ఇంటికి రండి,” అంది. “పొద్దున పదింటికి మా బాపుతోని ఫోన్ల మాట్లాడుత. నేను చెప్పేది చెప్త. మీ సంగతి మీరే చెప్పుకోవాలె.”

ఆదివారం పాసిర్ రిస్‌లో అరుంధతి ఆంటీ ఉప్మా పెట్టి, తను వంటింట్లో ఉంటానని చెప్పి, వంటింటి తలుపు మాత్రం తెరిచే ఉంచింది. అలేఖ్య ముందు తండ్రితో మాట్లాడింది. ఆయన కరీంనగర్ కరెంటాఫీసులో లైన్‌మన్, నాలుగు మాటల్లో పని ముగించే మనిషి. ఫోను చేతికిచ్చేసరికి వెంకటరాజు గొంతు సర్దుకున్నాడు.

“ఏ ఊరు బాబూ?”

“కాకినాడండి.”

“ఏం పని చేస్తవు?”

“మంచుమీద నడిచే బండి బాగుచేస్తానండి.”

ఆయన ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు.

“సింగపూర్ల మంచు పడ్తదా?”

“పడదండి. ఒక హాల్లో తయారుచేస్తాం.”

ఫోను అమ్మాయికి ఇవ్వమన్నాడు.

“ఏమే బిడ్డా, ఈ పిలగాడు నిజమే చెప్తాండా?”

“నిజమే బాపు. ఒక్కపారి నాకోసం అబద్ధం రాసిండు. అది నేనే పోయి దిద్దిన.”

“దిద్దితే ఏమన్న అన్నడా?”

“నా ఉద్యోగం మీదికొస్తదని కోపం చేసిండు.”

తండ్రి దగ్గాడు. ఆ దగ్గు ఆలోచనకో, నవ్వు దాచుకోవడానికో ఆమెకూ తెలియలేదు.

“మీ అమ్మను పిలుస్త, ఆగు,” అన్నాడు. “ఫోను మల్ల ఆ పిలగానికియ్యి.”

వెంకటరాజు ఫోను అందుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.